ఇరవై నిమిషాలకే ఆగిపోయే ప్రొజెక్టర్: వేడి ఎక్కడ చిక్కుకుంటోంది?

ప్రశ్న: మా ఇంట్లో ల్యాంపుతో, చిన్న అద్దాల చిప్పుతో పనిచేసే డీఎల్‌పీ ప్రొజెక్టర్ ఉంది. కొని నాలుగేళ్ళు దాటింది. ల్యాంపు గంటలు 2,300 అని చూపిస్తోంది. నెల రోజులుగా సినిమా మొదలైన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు టెంప్ లైటు (వేడి హెచ్చరిక) ఎర్రగా వెలిగి ఆగిపోతోంది. వెంటనే మళ్ళీ ఆన్ చేస్తే అయిదు నిమిషాలు కూడా నిలవడం లేదు. వెనక గోడకున్న చెక్క అరలో పెట్టాం, అర ముందు వైపు తెరిచే ఉంటుంది. పైపైన దుమ్ము తుడిచినా మార్పు లేదు. ల్యాంపు మార్చాలని ఒకరు, పై మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పటికైతే ల్యాంపు కొనకండి, మూత అసలే తీయకండి. అంతకంటే ముందు, ఆగిన వెంటనే మళ్ళీ ఆన్ చేసే అలవాటు ఈ రోజే మానేయండి. ప్రొజెక్టర్ ల్యాంపు లోపల దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంలో రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. వాటి మధ్య పాదరసపు ఆవిరి సుమారు 200 వాతావరణాల ఒత్తిడిలో వెలుగుతుంది. ఆ గాజు బుడ్డి లోపలి గోడ దగ్గరదగ్గర 1,000 డిగ్రీల వేడిలో ఉంటుంది. మామూలుగా ఆఫ్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఫ్యాన్లు తిరుగుతూనే ఉండేది దాన్ని చల్లార్చడానికే. వేడెక్కి తనంతట తాను ఆగినప్పుడు లోపలి వేడి పూర్తిగా బయటకు పోదు. ఆ స్థితిలో మళ్ళీ వెలిగించాలంటే ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆవిరిలో నిప్పు పుట్టించాలి, ప్రతిసారీ ఎలక్ట్రోడ్లు కొంత దెబ్బతింటాయి. ఆగిందంటే కనీసం అరగంట, వీలైతే గంట వదిలేయండి. ప్లగ్గు మాత్రం ఫ్యాన్లు ఆగేదాకా పీకకండి.

మీరు రాసిన నిమిషాల లెక్కే మంచి ఆధారం. చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసిన కొన్ని సెకన్లలోనే ఎర్ర లైటు వెలిగితే అది వేడి కాదు, అంతలో వేడెక్కడం సాధ్యమే కాదు. ఒక ఫ్యాన్ తిరగకపోవడమో, వేడిని కొలిచే సెన్సర్ చెడిపోవడమో, ల్యాంపు తలుపు సరిగా పడకపోవడమో అయి ఉంటుంది. పది నుంచి ముప్పై నిమిషాల మధ్య ఆగితే గాలి సరిపోవడం లేదని అర్థం. అంటే వేడిగాలి బయటకు పోలేక తిరిగి లోపలికే వస్తోంది, లేదా లోపల దారి మూసుకుపోయింది. గంట, గంటన్నర ఆడి ఆగితే గది వేడిని, అర వేడిని అనుమానించాలి. మీది మధ్య రకం. రెండోసారి అయిదు నిమిషాలు కూడా నిలవకపోవడం కూడా దీన్నే బలపరుస్తోంది, మొదటిసారి చేరిన వేడి ఇంకా లోపలే ఉంది కాబట్టి. ఒక్కటి సరిచూసుకోండి: వెలిగేది టెంప్ లైటేనా, ల్యాంప్ లైటా? రెండూ పక్కపక్కనే ఉంటాయి. నిలకడగా వెలగడానికీ ఆగి ఆగి వెలగడానికీ అర్థాలు వేరు. మీ మోడల్ పుస్తకంలో చివరి పేజీల్లో ఆ పట్టిక ఉంటుంది.

ఇక అర సంగతి. ముందు వైపు తెరిచి ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. లెక్క చూడండి. 200 వాట్ల ల్యాంపున్న ప్రొజెక్టర్ మొత్తం మీద 270 నుంచి 300 వాట్లు తీసుకుంటుంది. లెన్సులోంచి వెలుగుగా బయటపడే కొద్ది వాట్లు తప్ప మిగతాదంతా పెట్టెలోనే వేడిగా మారుతుంది. లోపలికి వెళ్ళిన గాలి 15 డిగ్రీలు వేడెక్కి బయటకు వస్తుందనుకుంటే, 300 వాట్లను మోసుకుపోవడానికి నిమిషానికి సుమారు 1,000 లీటర్ల గాలి కావాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు, 40 ఎత్తు ఉన్న అరలో పట్టే గాలి 120 లీటర్లే. అంటే అరలోని గాలి మొత్తాన్ని ప్రొజెక్టర్ ఏడు సెకన్లకోసారి మింగి వదులుతుంది. వదిలిన గాలి అర పక్క గోడకు తగిలి, వెనకనుంచి తిరిగొచ్చి, మళ్ళీ పీల్చుకునే జాలీ దగ్గరకే చేరితే, ఇక చుట్టూ చల్లటి గదిలో ఉన్నా దానికి దక్కేది దాని సెగే. చాలా డీఎల్‌పీ మోడళ్ళు ఒక పక్కనుంచి గాలి పీల్చి రెండో పక్కనుంచో ముందునుంచో వదులుతాయి. అరకుండే రెండు పక్క గోడలు సరిగ్గా ఆ రెంటికీ అడ్డు.

దీన్ని తేల్చడానికి స్క్రూ ఒక్కటీ విప్పక్కర్లేదు. ప్రొజెక్టర్‌ను అరలోంచి దించి, గట్టి బల్ల మీద, నాలుగు వైపులా 50 సెంటీమీటర్లు ఖాళీ ఉండేలా పెట్టండి. కింద గుడ్డ, పరుపు, దిండు లాంటివి వద్దు, కొన్ని మోడళ్ళు అడుగునుంచి కూడా పీల్చుకుంటాయి. సెట్టింగులేవీ మార్చకుండా రెండు గంటలు ఆడించండి. ఆగకుండా ఆడితే తప్పు అరదే. అక్కడితో సగం పని అయిపోయినట్టే.

ఇంకా ఖాయంగా తెలుసుకోవాలంటే వైరు చివర ప్రోబ్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ చాలు. అరలో ఉన్నప్పుడు గాలి పీల్చే జాలీకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ప్రోబ్ ఉంచి, పావుగంట నడిచాక చూడండి. గది మధ్యలో ఉన్న వేడికీ దీనికీ తేడా రెండు మూడు డిగ్రీలుంటే ఫరవాలేదు. అయిదు దాటితే అది తన సెగను తానే పీల్చుకుంటోంది. పుస్తకంలో 35 అనో 40 డిగ్రీలనో రాసి ఉండే హద్దు జాలీలోకి వెళ్ళే గాలికి వర్తిస్తుంది. గది 30 డిగ్రీలే కదా అనుకుంటాం, అరలో ఇంకో పది చేరితే ప్రొజెక్టర్‌కు అది 40.

తప్పు అరదేనని తేలితే, అర వెనక పలకను తీసేయడం అన్నిటికంటే మంచి పని. కుదరకపోతే ప్రొజెక్టర్‌ను ముందుకు జరిపి, గాలి వదిలే జాలీ అర అంచు దాటి బయటకు వచ్చేలా పెట్టండి. పీల్చే వైపుకీ వదిలే వైపుకీ మధ్య ఒక అట్టముక్కను గోడలా నిలబెట్టినా వేడిగాలి వెనక్కి తిరగదు. అట్ట పెట్టాక థర్మామీటర్ ఎంత దిగుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. అట్ట పరీక్ష కోసమే. ఫలితం కనబడితే దాని స్థానంలో పలచటి రేకు బిగించండి. వెనక పలకకు ఫ్యాన్లు పెట్టాలనుకుంటే 120 మిల్లీమీటర్లవి రెండు, ప్రొజెక్టర్ వేడిగాలి వదిలే వైపున, గాలిని అరలోంచి బయటకు లాగేలా బిగించాలి. లోపలికి నెట్టేలా పెడితే సెగ అరంతా పరుచుకుంటుంది. వదిలే జాలీకి గొట్టం తగిలించి సీలు చేయకండి, దాని ఫ్యాన్ ఆ అడ్డును తట్టుకునేలా కట్టింది కాదు. మధ్యలో ఒక అయిదారు సెంటీమీటర్లు ఎడం ఉండాలి.

టేబుల్ ఫ్యాన్ గురించి అడిగారు. మూత పెట్టే ఉంచి, వదిలే వైపున పక్కవాటుగా పెట్టి, బయటికొచ్చిన సెగను దూరంగా తోలితే మేలే. వదిలే జాలీకి ఎదురుగా పెడితే బయటకొచ్చే గాలిని తిరిగి లోపలికి నెట్టినట్టవుతుంది. మూత తీసి పెడితే అసలుకే మోసం. ప్రొజెక్టర్ మూత దుమ్ముకు అడ్డంగా పెట్టిన డబ్బా మూత లాంటిది కాదు. గాలి ఏ దారిన పోయి ల్యాంపునూ, చిప్పునూ, కరెంటు బోర్డునూ తాకాలో ఆ దారికి అదే పైగోడ. తీసేస్తే గాలి దగ్గరి దారి చూసుకుని పోతుంది, ల్యాంపు దగ్గరకు చేరదు. దానికి తోడు అతినీలలోహిత కిరణాలు కంటికి తగులుతాయి. ల్యాంపుకు కరెంటు అందించే లోపలి బోర్డు, అంటే బ్యాలస్ట్, ల్యాంపు వెలిగించేటప్పుడు కొన్ని వేల వోల్టులు పుట్టిస్తుంది. నడుస్తున్న ప్రొజెక్టర్ మూత ఎవరు చెప్పినా తీయకండి.

బల్ల మీద కూడా ఆగిపోయిందనుకోండి. అప్పుడు లోపలి దారి చూడాలి. పలచటి టిష్యూ కాగితాన్ని సెంటీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు పట్టీగా చింపి, నడుస్తున్న ప్రొజెక్టర్ జాలీలన్నిటి దగ్గరా ఒక్కొక్కటిగా పట్టుకోండి. పీల్చే జాలీకి పట్టీ అతుక్కుపోవాలి. వదిలే జాలీ దగ్గర దూరంగా ఎగరాలి. ఎక్కడ పట్టీ ఊరికే వేలాడుతుందో అక్కడే జబ్బు. చెవి కూడా పెట్టండి. ఆన్ చేసిన మొదటి నిమిషంలో గరగర, టకటక వినిపిస్తే ఫ్యాన్ బేరింగ్ అరిగింది. సన్నగా ఈలలా వచ్చే శబ్దం ల్యాంపు వెలుగుకు రంగులద్దే రంగుల చక్రానిది, అది నిమిషానికి 7,200 చుట్లు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ తిరుగుతుంది. ఆ ఈల ఉండడం మామూలే.

మరో పరీక్ష మెనూలోనే ఉంది. హై ఆల్టిట్యూడ్ మోడ్ అని ఒకటి ఉంటుంది. ఎత్తయిన ప్రాంతాల్లో, సాధారణంగా 1,500 మీటర్లు దాటాక, గాలి పలచబడి వేడిని తక్కువ మోస్తుంది కనుక ఫ్యాన్లను ఎక్కువ వేగంతో తిప్పడానికి పెట్టిన ఏర్పాటు. దాన్ని ఆన్ చేసి చూడండి. గోల పెరుగుతుంది. దానితో ఆగకుండా ఆడితే ఫ్యాన్లు, సెన్సర్లు బాగానే ఉన్నాయి, దుమ్ము వల్ల గాలి దారి ఇరుకైందని అనుకోవచ్చు. అది ఆన్ చేసినా అదే సమయానికి ఆగితే ఏదో ఒక ఫ్యాన్ సరిగా తిరగడం లేదు, లేదా ఒకచోట దారి పూర్తిగా మూసుకుపోయింది. ఇది పరీక్షకే. కింది ప్రాంతాల్లో ఎప్పటికీ ఆన్‌లో ఉంచి గడిపేయకండి. ల్యాంపు కావలసినదానికంటే చల్లబడినా మంచిది కాదు, పాదరసం పూర్తిగా ఆవిరిగా ఉండక బుడ్డి నల్లబడుతుంది.

ఎకో మోడ్ ల్యాంపు కరెంటును 20 నుంచి 30 శాతం దాకా తగ్గిస్తుంది, సినిమా మధ్యలో ఆగకుండా నాలుగు రోజులు గడవడానికి పనికొస్తుంది. అయితే చాలా మోడళ్ళు ఎకోలో ఫ్యాన్ వేగాన్నీ తగ్గిస్తాయి కాబట్టి అనుకున్నంత చల్లబడదు. ఎకోలో ఆడుతోందని రోగం నయమైందనుకోవద్దు.

శుభ్రం చేయడం దగ్గర కొంచెం ఆగుదాం, పైపైన తుడిచానన్నారు కాబట్టి. ప్లగ్గు తీసి గంట చల్లారనివ్వండి. మొదట ఫిల్టర్. ఎల్‌సీడీ రకాల్లో దాదాపు అన్నిటికీ ఉంటుంది, డీఎల్‌పీల్లో చాలావాటికి ఉండదు. మీదానికి ఉంటే బయటకు తీసి, మెత్తటి బ్రష్‌తోనో వాక్యూమ్ క్లీనర్‌తోనో దుమ్ము లాగండి. నీళ్ళతో కడగవచ్చని పుస్తకంలో ఉంటేనే కడగాలి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఫిల్టర్ లేకుండా నడపకండి. దాని మీద దోమతెర ముక్కో గుడ్డో అదనంగా అంటించడం దుమ్ముకు మందులా కనిపిస్తుంది గానీ గాలిని కూడా ఆపేస్తుంది.

ఎవరి చూపూ పడని చోటు ల్యాంపు డబ్బా. ఒకటి రెండు స్క్రూలు తీస్తే ల్యాంపు తలుపు వస్తుంది. లోపల రెండు మూడు స్క్రూలు వదులు చేసి, హ్యాండిల్ పట్టుకుని ల్యాంపు మొత్తాన్ని నిటారుగా బయటకు లాగండి. గాజును వేళ్ళతో ముట్టకండి, జిడ్డు అంటినచోట వేడికి గాజు దెబ్బతింటుంది. ఆ డబ్బా పక్కల గాలి రావడానికీ పోవడానికీ చిన్న కిటికీలుంటాయి, చాలా డబ్బాల్లో వాటికి సన్నటి లోహపు వల కూడా ఉంటుంది. ల్యాంపు పేలితే గాజు ముక్కలు బయటకు రాకుండా పెట్టిన వల అది. దుస్తుల పీచు, వెంట్రుకలు, బూజు వచ్చి దానికి అల్లుకుంటాయి. నాలుగేళ్ళలో ఉన్నికంబళిలా పేరుకుపోయి ఉండవచ్చు. బయటి జాలీ అద్దంలా మెరుస్తున్నా ఇది మూసుకుపోతే ల్యాంపుకు ఊపిరాడదు, మీది ఇరవై నిమిషాల జబ్బు కావడానికి ఇది బలమైన కారణం. పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి, వలను చింపకండి, తీసేయకండి. ల్యాంపు వచ్చిన ఖాళీలోంచి లోపలికి టార్చి వేసి, ఎదురుగా కనిపించే గాలి గొట్టం మూతిని కూడా చూడండి.

అదే చేత్తో ల్యాంపు పరిస్థితీ తెలిసిపోతుంది. బుడ్డి స్పష్టంగా ఉంటే దాన్ని మార్చనక్కర్లేదు. పాలలా తెల్లబడినా, నల్లటి మసి పట్టినా, ఎక్కడైనా ఉబ్బినా మార్చాలి. అలాంటి గాజు వెలుగును తానే మింగి ఇంకా వేడెక్కుతుంది, పేలే ప్రమాదమూ ఉంది. పాత ల్యాంపు వల్ల ప్రొజెక్టర్ వేడెక్కడం అరుదే, ఎందుకంటే ల్యాంపుకు ఎన్ని వాట్లు ఇవ్వాలో బ్యాలస్ట్ అదుపు చేస్తుంది. మార్చవలసి వస్తే మాత్రం డబ్బాతో సహా అసలుది తీసుకోండి. నాసి నకళ్ళలో బుడ్డి తన వెనకుండే గిన్నె అద్దం కేంద్రంలో సరిగ్గా కూర్చోదు, దారి తప్పిన వెలుగు పక్క ప్లాస్టిక్‌ను కాలుస్తుంది. ఇప్పుడు మార్చడం లేదు కాబట్టి ల్యాంపు గంటలను సున్నా చేయకండి. తిరిగి పెట్టేటప్పుడు తలుపు సరిగా పడాలి, దాని వెనక ఉండే మీట నొక్కుకోకపోతే ప్రొజెక్టర్ ఆన్ కాదు.

ఎప్పుడైనా ల్యాంపు టప్పుమని పేలితే ప్రొజెక్టర్ ఆఫ్ చేసి, కిటికీలు తెరిచి, పిల్లల్ని తీసుకుని గది వదిలి వెళ్ళండి, గాలి బాగా మారాకే తిరిగి రండి. ముక్కల మీద వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, పాదరసాన్ని గదంతా చిమ్ముతుంది.

జాలీల దుమ్ము తీయడానికి వాక్యూమ్‌ను బయటనుంచి, మెత్తటి బ్రష్ మూతితో వాడండి. ఫ్యాన్ రెక్కలు కనిపిస్తే చెక్క పుల్లతో కదలకుండా పట్టుకోవాలి. గాలి ధాటికి అవి హద్దు మీరి తిరిగితే బేరింగులు పోతాయి, మోటారే కరెంటు పుట్టించి బోర్డులోకి పంపుతుంది. డబ్బాలో వచ్చే గాలి స్ప్రేను జాలీలోకి కొట్టడం మంచిది కాదు. దుమ్ము బయటకు రాకుండా లెన్సు వెనక్కీ, చక్రం మీదకీ చేరి, తెర మీద మచ్చలుగా కనిపిస్తుంది.

ఇంతవరకు ఎవరైనా చేయవచ్చు. పై మూత విప్పి ఫ్యాన్లు చూడడం మాత్రం కరెంటు పని తెలిసినవాళ్ళకే. ప్లగ్గు తీసినా కరెంటు బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 380 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు, ఆ బోర్డునూ బ్యాలస్ట్‌నూ తాకకూడదు. ఫ్యాన్‌ను వేలితో తిప్పితే రెండు మూడు చుట్లు నున్నగా తిరగాలి. ఇసుక పడినట్టు ఆగితే మార్చాల్సిందే. నూనె చుక్క వేస్తే కొన్నాళ్ళు తిరుగుతుంది, మళ్ళీ మొదటికే వస్తుంది. కొత్తదానికి కొలత, మందం, వోల్టులు, ఆంపియర్లు, వైర్ల సంఖ్య అన్నీ పాతదాని చీటీతో సరిపోవాలి. మూడో వైరు వేగాన్ని బోర్డుకు చెబుతుంది, అది లేని ఫ్యాన్ పెడితే ప్రొజెక్టర్ సెకన్లలో ఆగుతుంది. ఫ్రేము మీద బాణం గుర్తు పాతదానిది ఎటుందో అటే ఉండాలి. చప్పుడు తగ్గుతుందని కంప్యూటర్ సైలెంట్ ఫ్యాన్ పెట్టేవాళ్ళున్నారు. అది ఇరుకు దారిలోంచి గాలిని నెట్టలేదు, చప్పుడుతో పాటు గాలీ తగ్గుతుంది. లోపలి సెన్సర్ల సంగతి ఇంకా ముఖ్యం. ల్యాంపు పక్కనుండే వేడి స్విచ్‌ను వైరుతో కలిపేస్తే ఆగడం మానేస్తుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఇల్లు తగలబడకుండా అడ్డుపడే చివరి కాపలా అదే.

తెరను కూడా జాగ్రత్తగా గమనించండి. డీఎల్‌పీలో తెర మీద కదలని తెల్ల చుక్కలు కొత్తగా కనిపిస్తుంటే అద్దాల చిప్పు వేడికి దెబ్బతింటోంది. దాని వెనక వేడిని లాగే లోహపు దిమ్మె (హీట్ సింక్) ఉంటుంది, చిప్పు వేడిని దానికి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. పాతది పూర్తిగా తుడిచి పలచటి పొర పూసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. పేస్టుకు బదులు ప్యాడ్ ఉంటే అదే మందం ప్యాడ్ పెట్టాలి. వచ్చిన చుక్కలు దీనితో పోవు, కొత్తవి రావడం నెమ్మదిస్తుంది. ఎల్‌సీడీ రకంలో ఇదే నష్టం పసుపు, నీలం మరకలుగా కనిపిస్తుంది. లేజర్ రకాలు ఆగేముందు వెలుగు తగ్గించుకుంటాయి, అరగంటకు బొమ్మ మసకబారితే అదే హెచ్చరిక. చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లలో మధ్యలో గోధుమరంగు మచ్చ వస్తే లోపల వెలుగును వడగట్టే పోలరైజర్ పొర మాడిందని అర్థం.

మీరు చేయవలసిన వరుస ఇది: ఈ రాత్రి బల్ల మీద రెండు గంటలు. ఆడితే అర వెనక పలక విప్పండి. ఆగితే రేపు ల్యాంపు డబ్బా వల, జాలీలు శుభ్రం చేసి మళ్ళీ బల్ల మీదే చూడండి. అప్పటికీ ఆగితే మెకానిక్ దగ్గరకు పట్టుకెళ్ళేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేస్తే ఎన్ని నిమిషాలకు ఆగింది, అప్పుడు జాలీ దగ్గర ఎన్ని డిగ్రీలుంది, హై ఆల్టిట్యూడ్ మోడ్‌లో ఎన్ని నిమిషాలు ఆడింది, టిష్యూ పట్టీ ఏ జాలీ దగ్గర కదల్లేదు, లైటు ఎన్నిసార్లు మెరిసింది. ఈ అయిదు సంగతులు చేతిలో ఉంటే అతను ల్యాంపు మార్చి చూద్దామని మొదలుపెట్టడు, నేరుగా గాలి ఆగిన చోటికే వెళ్తాడు.